కంచాల లెక్క

కౌంటీ ఆఫీసు నాలుగో అంతస్తు,
కిటికీ పక్క బల్ల నాది.
నైరోబిలో ఏ ఇల్లు ఎంత ఎత్తు లేవాలన్నా
ముందు నా కలం కిందుగా పోవాలి.
ప్లాటు నంబరు, యజమాని పేరు, అంతస్తులు, ఫ్లాట్లు, తేదీ.
ఈ ఏడు జనవరి నుంచి ఇప్పటికి నాలుగు వందల పదిహేడు.
నేను చేరిన కొత్తలో
ఏడాదంతా రాసినా పుస్తకంలో సగం తెల్లగా మిగిలేది.

గేటుకి అనుమతి బోర్డు మేకులు దిగిన వారానికి
పక్క సందులో పొగ లేస్తుంది.
స్యోంబువా పొయ్యి అది.
నాలుగు వాసాలు, తుప్పు రేకు, మూడు రాళ్లు,
మూత ఎగరేస్తూ గితేరి ఉడికే పెద్ద డేగిసా.
మధ్యాహ్నం నేనూ అక్కడే తింటాను,
తనిఖీకి వెళ్లానని రిజిస్టరులో రాసి.

ఆమెకి ఒక నోటుబుక్కుంది.
బడిపిల్లలది, అట్ట మీద జిరాఫీ బొమ్మ.
ఆదివారం చర్చి అయ్యాక మటాటూ ఎక్కి
ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి
కొత్త బోర్డులు చదువుకొస్తుంది.
ఆరో తరగతితో ఆగిన చదువు.
"ఒక కుటుంబపు ఇల్లు పడగొట్టి బహుళ నివాసాలు"
అన్న వాక్యం కనబడితే చాలు,
ఆమె కళ్లకి బీన్సు బస్తాలు కనబడతాయి.

పునాదికి అరవై కంచాలు.
స్లాబు పోసే రోజు నూట ఇరవై.
రంగులవాళ్లు దిగితే పాతిక,
వాళ్లూ సగం అప్పు.
గాజు తలుపులు బిగిస్తున్నారంటే
రాళ్లు చల్లార్చుకోవాల్సిన వేళ.
"కట్టడం అయిపోయిన ఇల్లు నాకెందుకు తమ్ముడూ?
అందులోవాళ్లు పైనే వండుకుంటారు,
వాసన కూడా కిందకి రానివ్వరు."

ఏప్రిల్ వానల్లో ఓ రోజు
కంచం చేతికిస్తూ అడిగింది:
"న్గోంగ్ రోడ్డు వెనక మూల ప్లాటుకి
ఎన్ని రాశావు నువ్వు?"
ఎనిమిది, అన్నాను.
నోటుబుక్కు తీసి
బీన్సు మరక పక్కన వేలు ఆనించింది.
"ఎనిమిదో స్లాబు భోజనం జనవరిలో పెట్టాను.
తొమ్మిదోది ఫిబ్రవరిలో. పదోది మార్చిలో.
నిన్న మళ్లీ నూట ఇరవై కంచాలు కడిగాను.
అది ఏ స్లాబుకంటావు?"

మింగనూ లేక కక్కనూ లేక
నోట్లో వేడి గితేరి.

రోజూ చూసే భవనమే.
ఎప్పుడూ లెక్కపెట్టలేదు.
పుస్తకంలో ఎనిమిది ఉంది కదా,
బయట కూడా ఎనిమిదే ఉంటుందనుకున్నాను.
వానలోకి వెళ్లి
చిన్నపిల్లాడిలా వేలెత్తి లెక్కపెట్టాను.
పదకొండు.
పదకొండో దాని అంచున, నడుముకి తాడైనా లేకుండా,
ఇనుప చువ్వలు వంచుతున్నాడు ఒపొండో.
స్యోంబువాకి రెండు కంచాల బాకీ ఉన్నవాడు.

తిరిగొచ్చేసరికి ఆమె డేగిసా తోముతోంది.
ఇసుక రాస్తూ, తల ఎత్తకుండానే అంది:
"రాయి.
రేపటి బీన్సు నానబెట్టేశాను.
ఎవరికి పెట్టాలో నేను చూసుకుంటాను."

రాశాను.
ఫారంలో ఒక గడి ఉంటుంది,
విషయం ఎలా తెలిసింది, అని.
చాలాసేపు ఖాళీగా ఉంచి
"కంచాల లెక్క" అని నింపాను.
మేడమ్ చెరోనో కళ్లజోడు పైకి తోసి
ఒకసారి నన్ను చూసి, ఒకసారి కిటికీలోంచి ఊరిని చూసి
ముద్ర వేసింది.

గోడ మీద ఎర్ర గుర్తు ఎండకముందే
పని ఆగింది. ఒపొండో ఎటు పోయాడో తెలియదు.
సందులో మూడు నల్లటి గుంతలు,
వాటి నిండా వాన నీళ్లు,
ఒక దాంట్లో తేలుతూ ఒక బీన్సు గింజ, మొలకెత్తి.

ఆ రోజు తిన్నదానికి
నేనూ డబ్బులివ్వలేదు.

ఇప్పుడు ఉదయాన్నే రిజిస్టరు తెరిచి
కొత్త అనుమతుల మీద వేలు జరుపుతూ పోతాను:
రువాకలో పన్నెండు అంతస్తులు, కసరానీలో ఆరు,
సౌత్ బీలో పద్నాలుగు, పునాది వచ్చే వారం.
పద్నాలుగు దగ్గర వేలు ఆగుతుంది.
ఆదివారం ఆమె ఆ బోర్డు చదివి ఉంటుందా అని
జేబులో చిల్లర తడుముకుంటాను.